ఉడికించని చివరి ముక్క

మొన్న మంగళవారం గుడివాడ బస్టాండులో ముక్కూమొహం తెలియని మనిషి చొక్కా పట్టుకున్నాను. కాలరు కాదు, వీపు మీద బట్ట. ఆయన అవనిగడ్డ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో రొయ్యల మేత సంచి, జేబులో రెండు పెన్నులు. నేను వెనక నుంచి వెళ్ళి రెండు వేళ్ళతో బట్ట పట్టుకుని, "ఈ చొక్కా ఎక్కడిదండీ?" అన్నాను. నా గొంతే అంత. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పీ చెప్పీ, మంచినీళ్ళు అడిగినా దొంగని నిలదీసినట్టే ఉంటుంది.

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. "పెడనలో తీసుకున్నానండి. ఏం, చిరిగిందా?"

చిరగలేదు. శుభ్రంగా ఉంది, కొత్తది, ఇస్త్రీ కూడా చేశారు. వెన్నరంగు బట్ట మీద నల్లటి ఇటుకలు వరసగా, పైన పళ్ళు పళ్ళుగా కోటగోడ, మధ్యలో నిచ్చెన, నిచ్చెన కింద ముళ్ళు, అక్కడక్కడా ఎర్ర చుక్కలు. ఇటుకల మీద బొటనవేలంత మనిషి, వాడి వీపు మీద మూట. ఆ మూటవాణ్ణి నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. వాడి అచ్చు చెక్కిన మనిషి పోయి మూడు నెలలైంది. మూడంటే మూడే నెలల్లో ఆయన ఏళ్ళ తరబడి చేసిన పనిని ఎవరో కత్తెర పెట్టి ముక్కలు చేసి, చొక్కాలకని అమ్మేశారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ అచ్చు చెక్కినాయన మా ఇంటికి మొదటిసారి కాలిన చేత్తో వచ్చారు. మా అమ్మ పెడన ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం ఆసుపత్రి మూసేశాక ఊళ్ళో సగం మంది మా వరండాలోనే కట్టు కట్టించుకునేవాళ్ళు. ఆయనది కలంకారీ అద్దకం పని. బట్టలు ఉడికించే రాగి బాన అంచు తగిలి అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మ లోపల్నుంచి దూది తెచ్చేలోపు ఆయన గుమ్మంలో నిలబడి మా టీవీ వైపు చూశారు. నాకప్పుడు పదకొండేళ్ళు. మా బాబాయి మద్రాసు నుంచి తెచ్చిన వీడియో గేమ్ ఆడుతున్నాను. క్యాసెట్ మీద కాగితం చిరిగిపోయి దాని అసలు పేరేంటో మాకెవరికీ తెలియదు. మూట మోసుకుంటూ ఒకడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతూ ఉంటాడు. గోతులు, నీళ్ళు, ముళ్ళు, నిచ్చెనలు. మొత్తం ఎనిమిది స్టేజీలు. ఎనిమిదోది దాటితే మూట విప్పి లోపల ఏముందో చూపిస్తాడని మా బాబాయి చెప్పాడు. బాబాయి దాటలేదు. బాబాయికి చెప్పిన మనిషీ దాటి ఉండడు.

"అలా, ముల్లూ ఒకటే అచ్చు," అన్నారు ఆయన గుమ్మంలోంచి.

నాకు అర్థం కాలేదు. ఆయన లోపలికి వచ్చి, కాలని చేతి వేలు టీవీ మీద పెట్టి చూపించారు. "ఇదిగో నీళ్ళ అల. ఇదిగో ముళ్ళ కంచె. అంచు చూడు, వంపు చూడు. నీలం వేస్తే అలైంది, నలుపు వేస్తే ముల్లైంది. అచ్చు ఒకటే."

నిజమే. ఆరు నెలలుగా ఆడుతున్నాను, నేను చూడలేదు. ఆయన ఆరు నిమిషాల్లో చూశారు. అమ్మ కట్టు కడుతుంటే కళ్ళు టీవీ మీదే పెట్టి, "అమ్మాయ్, మళ్ళీ మొదట్నుంచి పోనీ, నిదానంగా," అన్నారు. నేను గోతిలో పడి చచ్చినప్పుడల్లా ఆయనకి సంతోషం, ఇంకోసారి చూడొచ్చని. కట్టు అయిపోయాక లేచి, "పద్దెనిమిది అచ్చులు. పద్దెనిమిదింటితో ఊరూ వాడా ఏరూ కోటా అన్నీ వేసేశాడు. పనోడు నర్సమ్మగారూ వీడు," అని మా అమ్మతో చెప్పి వెళ్ళిపోయారు. అమ్మకి ఏమీ అర్థం కాక, నొప్పికి ఏదో మాట్లాడుతున్నాడనుకుంది.

నెల తిరక్కుండా ఆయన షెడ్డులో అలాంటి మెషిన్ ఒకటి వెలిసింది. అదే మూటవాడి క్యాసెట్ ఎక్కడ సంపాదించారో సంపాదించారు. ఆయనకి అప్పటికే నలభై అయిదు దాటాయి. భార్య పోయింది, పిల్లల్లేరు, అక్క కుటుంబం పక్క వాటాలో ఉండేది. ఊరు ఊరుకుంటుందా? గేమ్ పిచ్చోడన్నారు. చిన్నపిల్లల బొమ్మలకి గడ్డం నెరిసినోడు కాపలా అన్నారు. అన్నవాళ్ళందరూ ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతులు నలుపుకుంటూ పేకాడేవాళ్ళే. అది మాత్రం పెద్దమనిషి తరహా. ఇప్పటికీ తలుచుకుంటే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆయన నిలబడి ఆడేవారు. అది చూడని వాళ్ళకి చెబితే నమ్మరు. టీవీని ఎత్తుపీట మీద పెట్టి, అద్దకం బల్ల ముందు నిలబడ్డట్టే కాళ్ళు ఎడంగా పెట్టి, భుజం మీద తువ్వాలు వేసుకుని, ఆట రిమోట్‌ని బొడ్డు దగ్గర పట్టుకునేవారు. కుర్చీ వేస్తే తన్నేవారు. "కూర్చుంటే అచ్చు పడదు," అనేవారు. మూటవాడు గెంతిన ప్రతిసారీ ఆయన గొంతులోంచి చిన్నగా 'హుఁ' అని వచ్చేది. బల్ల మీద అచ్చు పెట్టి పిడికిలితో కొట్టేటప్పుడూ అదే 'హుఁ'. కళ్ళు మూసుకుని వింటే ఆయన పనిలో ఉన్నారో ఆటలో ఉన్నారో చెప్పలేం.

క్యాసెట్‌లో మేమందరం నోటితో ఊదేవాళ్ళం. ఆడే పిల్లలందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే. ఆయన ముందు ఎవరైనా ఊదితే చెయ్యెత్తేవారు. "ఉమ్ము పడుద్ది. రేపు తుప్పు పడుద్ది." అచ్చుల గీతల్లో ఇరుక్కున్న రంగు తీసే మెత్తటి బ్రష్షుతో క్యాసెట్ పళ్ళు తుడిచేవారు. తుడిచి, వెలుగులో తిప్పి చూసి, అప్పుడు పెట్టేవారు. మా మెషిన్ రెండేళ్ళకి మూలపడింది. ఆయనది ఆయన పోయేదాకా పనిచేసింది.

ఆదివారం చర్చి అవగానే నేను తెల్లగౌనుతోనే ఆయన షెడ్డుకి పరిగెత్తేదాన్ని. మా వాళ్ళూ ఆయన వాళ్ళూ ఏ రకంగానూ బంధువులు కారు, అయినా మావయ్యగారూ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. రిమోట్ మాత్రం ఇచ్చేవారు కాదు. పిసినారి, ఆ విషయంలో పరమ పిసినారి. అయిదో స్టేజీలో ఉన్నానని సొంత అక్క మనవడి అన్నప్రాసనకి భోజనాలయ్యాక వెళ్ళిన మనిషి. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

రిమోట్‌కి బదులు ఆయన నాకు ఇంకొకటి చూపించారు. రెండో ఏడు వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసినప్పుడు పని లేక, టేకు ముక్కలు తెచ్చుకుని సొంతంగా చెక్కడం మొదలుపెట్టారు. అచ్చులు చెక్కేవాళ్ళు పెడనలో వేరే ఉన్నారు. వాళ్ళకి చెబితే నవ్వుతారని తనే చెక్కుకున్నారు. ఇటుక, అల, నిచ్చెన, కోట పళ్ళు, తలుపు, చివరికి మూటవాడు. పద్దెనిమిది. తర్వాత బల్ల మీద గుడ్డ పరిచి మొదటి స్టేజీని మొదటి గొయ్యి నుంచి చివరి తలుపు దాకా ఉన్నది ఉన్నట్టు అద్దారు. టీవీలో ఒకసారికి ఒక గదంత మాత్రమే కనపడుతుంది కదా, బట్ట మీద దారి మొత్తం ఒకేసారి కనపడింది. నేను ఆ బట్ట పక్కన ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. లెక్కల్లో గ్రాఫు అంటే ఏంటో నాకు తెలిసింది ఆ రోజే, మా స్కూల్లో కాదు.

"ఎందుకు మావయ్యగారూ ఇది?" అన్నాను.

"ఎక్కడ తప్పుతున్నానో తెలియొద్దూ?" అన్నారు.

ఆయన నియమం ఒకటుంది. తన చెయ్యి తప్పి మూటవాడు చచ్చిన చోట బట్ట మీద ఒక ఎర్ర చుక్క పెట్టేవారు. కరెంటు పోయి ఆట ఆగిపోతే చుక్క లేదు. "అది నా తప్పు కాదు, కరెంటోళ్ళ తప్పు. నా బట్ట మీద వాళ్ళ తప్పులెందుకు?" అనేవారు. ఆ చుక్కలు పెట్టగానే కనపడేవి కావు. అద్దకంలో నలుపు వెంటనే తెలుస్తుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత బట్టని కాలువలో జాడించి, రంగు నీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తే పటిక పడ్డచోట ఎరుపు లేస్తుంది. మిగతా పనివాళ్ళు ఆనవాలుకి పటికలో కాస్త ఏదో రంగు కలుపుకుంటారు. ఆయన తన చుక్కలకి అదీ కలిపేవారు కాదు. ఉడికేదాకా ఎవరికీ కనపడక్కర్లేదనేవారు.

మూడో స్టేజీ బట్ట ఉడికిన రోజు నేను బాన దగ్గరే ఉన్నాను. కర్రతో పైకి ఎత్తగానే ఒక్క గొయ్యి దగ్గరే పదకొండు ఎర్ర చుక్కలు గుంపుగా తేలాయి. ఆయన చుట్టూ చూసి, నేను తప్ప ఎవరూ లేరని రూఢి చేసుకుని, "అక్కడ కొంచెం కష్టంలే," అన్నారు. అంత సిగ్గుపడిన పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు. తన తప్పుని తనే చేత్తో అద్దుకుని, ఉడికించి ఆరేసుకునే మనిషిని కూడా.

ఆ ఆటలో ఏముందని ఆయన్ని అడగని వాళ్ళు లేరు. నేనూ అడిగాను. "దాపరికం లేదమ్మాయ్. గొయ్యి గొయ్యిలా కనపడతది, ముల్లు ముల్లులా కనపడతది. నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటది. చచ్చామంటే మన చెయ్యే," అన్నారు. ఇవాళ మా స్టాఫ్ రూంలో మధ్యాహ్నం డబ్బా తెరిచేలోపు నలుగురు ఫోన్లు తెరుస్తారు. రంగులు పేలుతుంటాయి, బొమ్మలు వాటంతటవే గెలుస్తుంటాయి, మధ్యలో ప్రకటన వచ్చి ఇది కొంటావా అది కొంటావా అని మీద పడుతుంది. ఓడిపోయినా ఇంకో చిన్న ప్రకటన చూస్తే బతికిస్తాడట. ఎవరి చేతిలో ఎవరు ఆట అని అడిగితే మేడంగారికి కోపం ఎక్కువ అంటారు. ఎక్కువే. ఆ మూటవాడు పద్దెనిమిది అచ్చులతో ముప్ఫై ఏళ్ళు ఒక మనిషిని నిలబెట్టాడు. మీ ఫోనులో ఆట పేరు వచ్చే నెలకి మీకే గుర్తుండదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా ఇంతసేపూ ఊరి మీద, ఫోన్ల మీద అరిచాను.

నాకు పదమూడో ఏడు. ఆయన మొదటిసారి ఎనిమిదో స్టేజీకి వెళ్ళారు. ఆ మెషిన్‌లో ఆడిందేదీ దాచుకోవడం కుదరదు. కరెంటు తీస్తే మళ్ళీ ఒకటో స్టేజీ నుంచే. అందుకని ఆయన బొమ్మని ఆపి, టీవీ కట్టేసి, మెషిన్ మాత్రం అలాగే వదిలేశారు. దానికో టేబుల్ ఫ్యాను పెట్టారు. ఆయనకి లేదు ఫ్యాను. పొద్దున పనికి ముందు కాసేపు ఆడటం, మళ్ళీ ఆపడం. మూడు రోజులు కరెంటు పోలేదు. పెడనలో మూడు రోజులు కరెంటు పోకపోవడం అంటే మా పాస్టరుగారు సాక్ష్యం చెప్పించేంత సంగతి. నాలుగో రోజుకి ఆయన చివరి కోటలో, ఒక నిచ్చెన పై మెట్టు మీద మూటవాణ్ణి నిలబెట్టి ఆపారు. "ఇక్కడ ఏదీ రాదు, ఏదీ పడదు. ఇక్కడ వాణ్ణి చంపడం ఎవడి తరమూ కాదు. ఇంకొక్క లైఫే ఉంది. చెయ్యి స్థిమితపడ్డాక పోతా," అన్నారు.

నేను ఆడతానన్నాను. ఒక్క నిమిషం, ఆ నిచ్చెన దిగి మళ్ళీ ఎక్కుతానన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, విననట్టు జాడించాల్సిన బట్టలు భుజానికెత్తుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. కాలువలో బట్టలు జాడించడానికి వెళ్తూ, "చినుకు పడితే దండెం మీద బట్టలు లోపలెయ్ అమ్మాయ్," అని చెప్పి వెళ్ళారు.

మబ్బు పట్టింది. బట్టలు తీసి లోపల వేస్తున్నాను. ఎక్కడో ఉరిమింది. మా ఇంట్లో అమ్మ పెట్టిన రూలు, ఉరిమితే ప్లగ్గులన్నీ పీకేయాలి. ఎదురింటివాళ్ళ టీవీ ఆ ముందు ఏడే పిడుగుకి కాలిపోయింది. మెషిన్ మీద చిన్న ఎర్రలైటు వెలుగుతోంది. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

ఉరుము దగ్గరగా ఉరిమిందా, దూరంగానా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో చెప్పలేను. మెషిన్ కాలిపోతుందన్న భయమే పీకించిందా, ఒక్క నిమిషం ఇవ్వలేదన్న కచ్చ కూడా చెయ్యి వేసిందా? భయం నిజం. కచ్చ కూడా నిజం. లైటు ఆరిపోయిన క్షణంలో నాకు గుర్తొచ్చింది, ఆపి పెట్టినది అందులోనే ఉందని. మళ్ళీ పెట్టాను. మూటవాడు ఒకటో స్టేజీలో, మొదటి గొయ్యి ముందు, చేతులూపుకుంటూ నిలబడ్డాడు.

ఆయన మోకాళ్ళ దాకా తడిసి వచ్చారు. టీవీ చూసి, "కరెంటు పోయిందా?" అన్నారు.

"నేనే పీకానండి. ఉరిమింది."

కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, క్యాసెట్ బయటికి తీసి, బ్రష్షుతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత పెట్టారు. "మంచి పని చేశారమ్మా. ఇంటికెళ్ళండి, మీ అమ్మగారు చూస్తుంటారు," అన్నారు.

'మీరు' అన్నారు. పదమూడేళ్ళ పిల్లని. అప్పటిదాకా ఏవమ్మాయ్, నువ్వు, ఇటు రా అన్న మనిషి ఆ పూట నుంచి నన్ను గారూ అండీ అని దూరంగా నిలబెట్టారు. తరిమేస్తే తిరిగి తిట్టుకునేదాన్ని. మర్యాద ఇస్తే ఏం చేస్తాం? ఆ ఏడు వేసవిలోనే అమ్మకి కోడూరు బదిలీ అయింది, పెడన నుంచి వెళ్ళిపోయాం.

తర్వాత కూడా నేను వెళ్ళేదాన్ని. డిగ్రీలో, ఉద్యోగం వచ్చాక, బందరు వెళ్ళినప్పుడల్లా దారిలో దిగి. కుర్చీ వేసేవారు, టీ తెప్పించేవారు, రంగుల గురించి కాలువ నీళ్ళ గురించి మాట్లాడేవారు. మెషిన్ మూల ఎత్తుపీట మీదే ఉండేది, బట్ట కప్పి. ఒకసారి వాళ్ళ మేనల్లుడు ఫోనులో ఆ ఆటే ఎక్కించి తెచ్చాడు, నా ముందే. మావయ్యా, ఇందులో చచ్చినచోటే మళ్ళీ బతకొచ్చన్నాడు. ఆయన అద్దం మీద నాలుగుసార్లు వేలితో పొడిచి వెనక్కి ఇచ్చేశారు. "వేలికి ఏం తగలట్లేదురా. పైగా చచ్చినచోటే లేపుతున్నాడు. అచ్చు పక్కకి జరిగితే గుడ్డ పాడవ్వాల. పాడవకపోతే చేతికి భయమేముంటది?" అన్నారు. నేను ధైర్యం చేసి, "ఎనిమిదోది దాటారా మావయ్యగారూ?" అని అడిగాను.

"టీ చల్లారిపోతోందండి," అన్నారు.

ఆ ఒక్క మాటకి నేను పెడన నుంచి గుడివాడ దాకా బస్సులో పళ్ళు నూరుకుంటూ వచ్చాను. ఇంత పెద్దదాన్నయ్యాక కూడా నన్ను ఆ ప్లగ్గు దగ్గరే నిలబెట్టారనిపించింది. ఏడు స్టేజీల బట్టలు ఉడికించి మడతపెట్టి అటక మీద ఉన్నాయని, ఎనిమిదోది మాత్రం ఇంకా ఉడికించలేదని మేనల్లుడు గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. "ఆటింకా అవలేదంటాడండి," అని నవ్వాడు.

ఆయన పెద్దకర్మకి వెళ్ళాను. ఫ్లెక్సీ మీద కళాకారుడు అని పెద్ద అక్షరాలు. బతికుండగా గేమ్ పిచ్చోడన్న నోళ్ళే మైకు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు కళకి తీరని లోటు అన్నారు. మూటవాడి మాట ఒక్కరూ ఎత్తలేదు, అదేదో ఆయన చేసిన అప్రతిష్ఠ పని అయినట్టు. ఆ బట్ట నాకివ్వండని అక్కడే అడగాల్సింది. అడగలేదు. ఏ హక్కుతో అడుగుతాను? ఆయన 'మీరు' అని దూరం పెట్టిన మనిషిని. అలా నోరు మూసుకుని భోజనం చేసి వచ్చినందుకే ఆ బట్ట గుడివాడ బస్టాండులో రొయ్యల మేతాయన వీపు మీదికెక్కింది.

చొక్కాయన్ని అక్కడే ఆగమని, మేనల్లుడికి ఫోన్ చేశాను.

"మీ మావయ్య బట్ట కత్తిరించారా?"

"ఆ మూటోడిదాండి? అవునండి మేడం. అటక మీద చెదలొస్తున్నాయి. కొత్త డిజైనని బాగానే పోయింది. మీకు కావాలాండి? అయిపోయిందే."

"ఒక్క మాట అడగొద్దా?"

"ఎవర్ని అడగాలండి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"ఎనిమిదో ముక్క కూడానా?"

"అది ఉడికించకుండానే పోయాడు కదండీ. కరక్కాయ పసుపు కూడా వదలకుండా పడుంటే మేమే జాడించి ఉడికించేశాం. అసలు ఎరుపుందనే తెలియదు మాకు. చుక్కలు చుక్కలుగా భలే లేచింది."

ఫోను కట్టేశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ చొక్కా మీద కోట పళ్ళున్నాయి. కోటలోపల నిచ్చెన ఉన్నది ఎనిమిదో స్టేజీలోనే.

"ఏవండీ, ఒక్కసారి అటు తిరగండి," అన్నాను.

"ఏంటండీ మీ గొడవ? నా బస్సొస్తోంది," అన్నాడు చొక్కాయన. అన్నాడే గానీ తిరిగాడు. దివిసీమ మనుషులు మంచివాళ్ళు, లేకపోతే నా గొంతుకి భయపడ్డాడు. నేను ఆయన వీపు మీద కింద నుంచి మొదలుపెట్టాను. ముళ్ళ దగ్గర మూడు చుక్కలు. వంతెన దగ్గర రెండు. నిచ్చెన మొదట్లో ఒకటి. నిచ్చెన పైకి చూశాను.

పై మెట్టు మీద, ఏదీ రాని, ఏదీ పడని చోట, ఒక ఎర్ర చుక్క.

అక్కడ చెయ్యి తప్పి చచ్చిపోవడం కుదరదు. కుదరదని ఆయనే చెప్పారు. అక్కడ ఆట ఒక్కసారి ఆగింది, నా చేత్తో ఆగింది. ఆయన నియమం ప్రకారం అక్కడ చుక్క ఉండకూడదు. కరెంటోళ్ళ తప్పుకే బట్ట మీద చోటివ్వని మనిషి, నా తప్పుని తన తప్పుగా రాసుకున్నారు. లైటు వెలుగుతుంటే తీయొద్దని పిల్లకి ఒక్క మాట చెప్పి వెళ్ళకపోవడం తన చెయ్యి తప్పడమే అనుకున్నారు. పటికతో అద్దారు, ఎవరికీ కనపడకుండా. ఉడికించకుండా దాచారు. ఆ చుక్క దాటి ఇటుకలు ఇంకా ముందుకి వెళ్ళాయి. చూడని దారిని ఆయన అద్దరు, అంటే ఆయన మళ్ళీ అక్కడిదాకా వచ్చారు, దాటారు. ఎంత దూరం దాటారో చంక దగ్గర కుట్టులో తెగిపోయింది. మూటలో ఏముందో, అదీ అద్ది ఉంటే ఆ ముక్క ఎవరి ఒంటి మీదుందో నాకు తెలియదు.

ఇన్నేళ్ళు. కుర్చీ వేసి టీ ఇచ్చి ఇన్నేళ్ళు నన్ను 'మీరు' అన్నారు. నువ్వేం తప్పు చేయలేదే అమ్మాయ్ అని ఒక్క ముక్క నోటితో అంటే ఆయన సొమ్మేం పోయేది? నాకు చెప్పకుండా నన్ను క్షమించడానికి ఆయనెవరు? ఆయన్ని పట్టుకుని అడగాలని ఉంది, కడుపారా పోట్లాడాలని ఉంది. ఏ కత్తెర మీద ఇందాకటి నుంచి మండిపడుతున్నానో, ఆ కత్తెరవాళ్ళే ఉడికించకపోతే నాకు ఈ చుక్క కనపడేది కాదు. ఆ కోపం కూడా మిగల్లేదు నాకు.

బస్సు వచ్చి ఆగింది. చొక్కాయన ఎక్కేశాడు, మళ్ళీ పట్టుకుంటానేమోనని గబగబా. కిటికీ పక్కన కూర్చుని నా వైపు చూస్తున్నాడు. బస్సు కదిలింది. నేను పక్కనే నడుస్తూ, నా క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతుతో అరిచాను.

"ఏవండీ, ఆ చొక్కా వేడినీళ్ళల్లో వేయకండి. బ్రష్షు పెట్టకండి. నీడలో ఆరేయండి, వింటున్నారా, నీడలో."